దించే చెయ్యి

తిప్పన చేసిన తప్పు చిన్నదే. వంటశాల గుమ్మంలో కట్టెలమోపుతో వంగిపోయి నిలబడ్డ ముసలి కూలివాణ్ణి చూసి, "ఆ మోపు దించు తాతా, ఎంతసేపు మోస్తావు" అన్నాడు.

అంతే, వంటశాలలో పనులన్నీ ఆగిపోయాయి. పైకి లేచిన రోకలి రోట్లో పడలేదు. కత్తిపీటల మీంచి ఆడవాళ్ళు తలలెత్తారు. ముసలివాడు నెత్తిమీది బరువు సంగతే మరిచిపోయి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మోపు జారి అంబలికాగు పక్కన దబ్బున పడింది.

కాంస్యకోట రాజ్యంలో ఆ మాట ఎవరూ అనరు. బరువును నేలకిస్తారు. పొయ్యిమీది కుండను ఇవతలికి తెస్తారు. చంకలో బిడ్డను విడుస్తారు. దించడమనేది ఆ దేశంలో ఒకే ఒక పనికి పెట్టిన పేరు. ఆ పని చెయ్యగల ఇల్లు రాజ్యం మొత్తానికి ఒక్కటే. ఆ ఇంటి యజమాని పదహారేళ్ళ కిందట కొడుకును వెంటబెట్టుకుని సరిహద్దు దాటిపోయాడు. అప్పటినుంచి ఆ మాట పలికినవాడి నాలుకమీద వాత పెడుతున్నారు.

సరిహద్దు దాటిన ఆ కొడుకు తిప్పనే. సముద్రపు ఒడ్డున పెరిగాడు. అక్కడ తెల్లారింది మొదలు తెరచాపలు దించడం, లంగరు దించడం, చేపల గంపలు దించడం. పదహారేళ్ళ అలవాటు, తలపాగా మార్చినంత మాత్రాన పోతుందా?

ఎవరో భటుల్ని పిలవడానికి లేచారు. అంతలో వంటశాల పెద్ద కామసాని వచ్చి గరిటెకాడతో తిప్పన వీపుమీద ఒకటి వడ్డించింది.

"వీడు ఉప్పు మోసుకొచ్చిన పైదేశపోడు. మన మాట సగమే వచ్చు వీడికి. ఆ సగం కూడా పనికిరాని సగం."

ఒకళ్ళిద్దరు నవ్వారు. రోకలి మళ్ళీ పడింది. కామసాని అతణ్ణి రెక్కపట్టుకుని ఊరగాయల గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. మొహం వంక చూడలేదు. ఎడమచెయ్యి తీసుకుని మణికట్టు తిప్పి చూసింది. ఎండ తగలని తెల్లటి పట్టీ ఒకటి అక్కడ కనిపించింది.

"కడియం ఎక్కడ దాచావు?"

తిప్పన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసులే. బయ్యన కొడుకువి. మీ నాన్న కూడా ఇంతే, ఊళ్ళో తలుపులన్నీ తనకోసమే తీసిపెట్టినట్టు నడిచేవాడు."

కిందటి వానాకాలంలో నాన్న పోయాడని తిప్పన చెప్పాడు. ఆమె జాడీకి వాసెనగుడ్డ కట్టడం పూర్తి చేసింది. ఏడుస్తానని చూస్తున్నావేమో, ఏడవనంది. ఎందుకొచ్చావని అడిగింది.

వచ్చింది అక్క మైలమ కోసం. తండ్రి పారిపోయేనాటికి ఆమె పెళ్ళయి కొలిమిగుట్టలో కాపురం చేస్తోంది. రాజు మహోగ్రసేనుడి పేరుతో మాంత్రికుడు నీలజంఘుడు కొత్త కోటగోడ కట్టిస్తున్నాడు. ఆ గోడకు రాళ్ళు కొండల్లోంచి తేవడం లేదు. ఊరికొక పంక్తి చొప్పున మనుషుల్ని నిలబెట్టి, వాళ్ళమీద ఏదో పొడి చల్లి, నిలబడ్డవాళ్ళను నిలబడ్డట్టే రాయి చేసి పేరుస్తున్నారు. ఈ రోజు కొలిమిగుట్ట వంతు. మిట్టమధ్యాహ్నం నగారా మోగగానే రాజముద్ర వేసిన ఆజ్ఞ తాటాకు చదువుతారు, పొడి చల్లుతారు. ఉప్పు బేహారులు చెప్పిన ఆ వార్త పట్టుకుని తిప్పన తొమ్మిది రోజులు నడిచి వచ్చాడు, మొలలో బాకు పెట్టుకుని.

కామసాని ఆ బాకు అడిగి తీసుకుంది. అంచు చూసింది. ఒక నిమ్మకాయ కోసి చూసి, కాయలు తరగడానికి బాగుందని తన పక్కన పెట్టేసుకుంది.

"చంపితే రాజుగానే చస్తాడురా. తోసేస్తే రాజుగానే పడతాడు. ఎలా పోయినా ఆయన వేసిన ముద్ర బతికే ఉంటుంది. మీ అక్క రాయి అవుతుంది. రాజును దించితేనే, ఆయన ఆజ్ఞలు ఆయనతోపాటు దిగిపోతాయి."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. అని, కొంగుతో పెదవులు తుడుచుకుంది.

తన తండ్రి ఆ పని ఎప్పుడో చేశాడని తిప్పన అన్నాడు. చిన్నప్పటినుంచి అతను విన్న కథ అదే. వాళ్ళ వంశం ఊతకాళ్ళు. కాంస్యకోట సింహాసనం మనిషెత్తు ఉంటుంది, మెట్లుండవు. రోజూ కొలువు ముగిశాక ఊతకాడు కుడిచెయ్యి అందిస్తే ఆ చెయ్యి పట్టుకుని రాజు నేలమీద కాలు పెడతాడు. ఒకనాడు రాజు ఏదో కానిపని చేశాడు. బయ్యన ఆ సాయంత్రం చెయ్యి అందించకుండా వెనుదిరిగి వచ్చేశాడు. జీవితాంతం చేపల వల బాగుచేసుకుంటూ ఆ సంగతే చెప్పేవాడు. 'నేను దించేశానురా వాణ్ణి' అనేవాడు.

మాడిన కూరను చూసినట్టు చూసింది కామసాని. వెళ్ళి చూస్తే నీకే తెలుస్తుందంది. దించడానికి కావలసినవి మూడని తన అమ్మ ద్వారా విన్నది చెప్పింది. రాజుకు తల్లి పెట్టిన పేరు ఆయన నోటితోనే చెప్పాలి. రోజూ అందించే కుడిచెయ్యి కాక, కడియమున్న ఎడమచేతిని ఆయన తనంతట తాను పట్టుకోవాలి. ఎడమకాలు ముందు నేలకు ఆనించాలి. ఇందులో ఏ ఒక్కటీ బలవంతాన చేయించడానికి వీల్లేదు.

"రోజూ రాజుగారికి అంబలి పట్టుకెళ్ళేవాడు ఇవాళ రాలేడు. పొద్దున నీ నడక చూశాక నా చేతిలో గంజి ఒలికి వాడి పాదం కాలింది" అంది. "పాపం" అని కూడా అంది.

*

కాంస్యకోట కొలువుకూటానికి నూట ఎనిమిది స్తంభాలు. ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క పక్షిని చెక్కారు. గాలి వీస్తే ఆ కంచుపక్షుల గొంతుల్లోంచి సన్నటి ఈల వినిపిస్తుంది. నేల పొడుగునా పగడపు పలకలు, పలకల మధ్య వెండి తీగలు. కప్పులో ఒక రంధ్రం. అందులోంచి దిగిన ఎండ నేలమీద నాణెమంత వెలుగై పాకుతూ పోతుంది. కూటం నడిమధ్య ఒక కంచు తామరపువ్వు ఉంది. ఎండ ఆ పువ్వును తాకితే మిట్టమధ్యాహ్నం. తిప్పన లోపల అడుగుపెట్టేసరికి వెలుగు పువ్వుకు మూడు పలకల దూరంలో ఉంది.

అతని భుజంమీద ఏడు మూరల గరిటె. రాజుకు అన్నం పెట్టడానికి అంత కాడ ఎందుకో సింహాసనం దగ్గరికి వచ్చాకగాని అతనికి అర్థం కాలేదు. దాని చుట్టూ నేలమీద నల్లటి పొగపాములు వలయంగా తిరుగుతున్నాయి. వాటికి కళ్ళు లేవు. నోళ్ళు మాత్రం ఉన్నాయి. వలయానికి బయట నలుగురు భటులు ఈటెలతో నిలబడి ఉన్నారు, వాళ్ళు కూడా వాటి వంక చూడకుండా.

"కొత్తవాడివి" అన్న మాట తలమీంచి వినిపించింది.

నీలజంఘుడు నేలకు జానెడు ఎత్తున గాలిలో నడుస్తూ వచ్చాడు. మోకాళ్ళ కింద కాళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అంబలి నువ్వు ముందు తాగమన్నాడు. తిప్పన తాగాడు. ఉప్పు ఎలా ఉందన్నాడు. ఉప్పు మోసేవాణ్ణి నన్నడిగితే ఎప్పుడూ తక్కువే అంటానన్నాడు తిప్పన. మాంత్రికుడికి ఆ జవాబు నచ్చినట్టుంది. సింహాసనం రాతిని గోరుతో గీకి, రాలిన బూడిదరంగు పొడిని ఒక కుండలో వేసుకుని, కిటికీలోంచి బయటి గోడమీదికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కిటికీలోంచి తిప్పన గోడను చూశాడు. సగం కట్టిన గోడలో భుజానికి భుజం ఆనించి రాతి మనుషులు ఉన్నారు. కొందరు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒకడు ఆవులిస్తూ దొరికిపోయాడు. గోడ కొస దగ్గర కొలిమిగుట్ట పంక్తి. మొదట నిలబడిన మనిషి పొడుగ్గా, తల కాస్త పక్కకు వంచి ఉంది. పదహారేళ్ళ తరువాత కూడా ఆ తల వంపు తిప్పనకు తెలిసింది.

గరిటె చాచాడు. పైనుంచి వణికే చేతులు దాన్ని అందుకున్నాయి.

తిప్పన మనసులో ఇన్నేళ్ళుగా ఒక రాజు ఉన్నాడు. చెయ్యి అందక, అవమానంతో కుంగిపోయి, ఎప్పుడో దిగజారిపోయిన రాజు. ఇప్పుడు పైన కూర్చున్నవాడు మెలికలు తిరిగిన గడ్డంతో, సన్నబడిన పిక్కలతో, అంబలి గడ్డానికి అంటించుకుంటున్న ఒక ముసలివాడు. కిరీటం పెద్దదై చెవులమీదికి జారింది. ఎడమకాలి బొటనవేలు మాత్రం రాయి.

వెలుగు ఇంకో పలక దాటింది.

తిప్పన గరిటె వెనక్కి లాగాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. భటులు చూస్తుండగానే పరుగెత్తి, గరిటె బుర్రను నేలకు ఆనించి, పడవమీంచి ఒడ్డుకు గెంతే పల్లెకారువాడిలా కాడ పట్టుకుని గాలిలోకి లేచాడు. కింద పొగపాములు ఒక్కసారిగా నోళ్ళెత్తాయి. ఒకటి అతని పంచె కొసను పట్టుకుంది, కొస అక్కడికక్కడే బూడిదైంది. తిప్పన వలయం లోపల, సింహాసనం మొదట్లో బోర్లాపడ్డాడు. గరిటె వలయానికి బయటే పడిపోయింది. భటులు ఈటెలెత్తారు.

"ఆగండి" అని పైనుంచి గొంతు వచ్చింది.

బొంగురుపోయిన గొంతు. భటులు ఆగిపోయారు. ఆ గొంతు తనంతట తాను ఆజ్ఞ ఇవ్వగా వాళ్ళెవరూ విని ఉండరు.

తిప్పన రొంటిలోంచి రాగికడియం తీసి ఎడమచేతికి తొడుక్కున్నాడు. ముసలివాడు ముందుకు వంగి ఆ కడియాన్ని చాలాసేపు చూశాడు.

"బయ్యనా?" అన్నాడు.

"కొడుకును ప్రభూ. మా నాన్న పోయాడు."

"పోయాడా" అన్నాడు రాజు. "నేను ఆ సాయంత్రమంతా ఎదురుచూశాను. నీళ్ళు తాగడానికి వెళ్ళాడేమో అనుకున్నాను."

ఆ తరువాతి సంగతి రాజు చెప్పిన తీరులో కోపం లేదు, దీపం ఎప్పుడు ఆరిపోయిందో చెబుతున్నట్టు చెప్పాడు. ఊతకాడి చెయ్యి లేకుండా సింహాసనంమీంచి నేలను తాకిన పాదం రాయి అయిపోతుందనేది మొదటి రాజు కాలంనుంచీ ఉన్న శాపం. మరి ఊతకాడు రాకపోతే రాజు దిగేదెలా? మూడో రోజున నీలజంఘుడు గిన్నెతో వచ్చాడు. ఆకలి తీర్చాడు. బయ్యనను వెతకడానికి భటుల్ని పంపానని నమ్మించాడు. తరువాత గిన్నెతోపాటు తాటాకులు రావడం మొదలైంది. ముద్ర పడ్డాకే గరిటె చాచేవాడు. మొదటి ఏడాది రాజు వాటిని చదివేవాడు. తరువాత చదవడం మానేశాడు. చదివితే ఆకలి చచ్చిపోయేది, అందుకని. రెండో ఏట ఒక మధ్యాహ్నం తెగించి కాలు కిందికి జార్చాడు. బొటనవేలు తగిలింది. ఆ వేలు చూశాకే మాంత్రికుడికి గోడ ఆలోచన వచ్చింది.

తిప్పన విన్నాడు. తన తండ్రి దించాననుకున్నది దించడం కాదు. చెయ్యి అందించకపోవడంవల్ల ఆ మనిషి ఎప్పటికీ పైనే ఉండిపోయాడు. గోడలో ఉన్న ప్రతి రాయికీ ఆ సాయంత్రపు నడకే పునాది. తండ్రి భయపడి పారిపోలేదని తిప్పనకు తెలుసు. ఆ చేతిని తాకడం ఇష్టంలేక వెళ్ళాడు. దించాలంటే తాకాలి. ఆ ఒక్కటే ఆయనవల్ల కాలేదు.

ఎండ తామరపువ్వు రేకు అంచుకు వచ్చింది. బయట నగారా మీద మొదటి దెబ్బ పడింది. ఏడు దెబ్బలు పూర్తయ్యాక తాటాకు చదువుతారు.

"ప్రభూ, దించడానికి వచ్చాను" అన్నాడు తిప్పన. ఎడమచెయ్యి పైకి చాచాడు. "మీ అమ్మగారు పెట్టిన పేరు చెప్పండి."

రాజు మొహం ముడుచుకుంది. పదహారేళ్ళుగా కదలని ఆ మొహంలోకి సిగ్గు వచ్చింది. మహోగ్రసేనుడనే చెప్పాడు. కడియం చల్లగానే ఉంది. అది తండ్రిగారు పెట్టిన పేరయ్యుంటుందన్నాడు తిప్పన. రెండో దెబ్బ పడింది. రాజు ఇంకో పేరు చెప్పాడు, అది బిరుదు. మూడో దెబ్బ. నాలుగోది.

"వద్దు" అన్నాడు రాజు. "అలవాటైపోయింది నాకు. ఇక్కడే ఉంటాను. నువ్వు వెళ్ళిపో."

"గోడ దగ్గర మొదట నిలబడింది మా అక్క. మీకు కిటికీలోంచి కనిపిస్తోంది."

రాజు కిటికీ వంక తిరగలేదు. చదవని తాటాకుల సంగతి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. తిప్పన చెయ్యి చాచే ఉంచాడు. భుజం లాగుతోంది. అయిదో దెబ్బ పడింది.

అప్పుడు రాజు తల తిప్పాడు. ఎంతసేపు చూశాడో తెలియదు గానీ, కిరీటం తీసి పక్కన పెట్టి, వంగి, భటులకు వినిపించకుండా అడిగాడు.

"నవ్వవు కదా?"

"నవ్వను."

"నాకు ముందు పుట్టినవాళ్ళు నలుగురూ పోయారు. నేనైనా దక్కాలని మా అమ్మ పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి తెచ్చుకుంది." ఆగాడు. "పెంటయ్య."

కడియం వెచ్చబడింది. తిప్పన నవ్వలేదు. "పెంటయ్యగారూ, చెయ్యి పట్టుకోండి" అన్నాడు. ఎముకలు తేలిన చెయ్యి వచ్చి అతని చేతిలో పడింది. ఆ చేతికి అంబలి జిగట ఉంది. బరువంతా దానిమీదే మోపి ముసలివాడు మోకాలు జార్చాడు, ఒక పాదం తిప్పన తొడమీద ఆనింది. ఆరోదెబ్బ. ఎడమపాదం, రాతివేలితో సహా, పగడపు పలకమీద నిలిచింది. పలక చల్లగా ఉందన్నాడు పెంటయ్య.

ఏడో దెబ్బ పడనేలేదు. నగారా వాయించేవాడు ఎత్తిన కర్ర గాలిలోనే ఆగిపోయింది. గోడమీద చదవబోతున్న తాటాకుమీది లక్క ముద్ర పిండిలా రాలిపోయింది. పొగపాములు ఆరిన పిడక పొగలా తేలిపోయాయి. గాలిలో నడుస్తున్న నీలజంఘుడు గోడమీంచి గడ్డివాములో పడ్డాడు. గోడలో ముందే రాయైపోయినవాళ్ళు మాత్రం, పెంటయ్య వేలిలాగే, రాయిగానే ఉండిపోయారు.

రాజు అనుమతి లేని మంత్రం ఆ నేలమీద పారదు. ఇప్పుడు రాజే లేడు.

*

మాంత్రికుడు కూటంలోకి పరుగెత్తుకుని వచ్చాడు. పరుగు అతనికి కొత్త. ఎన్నడూ నేల తొక్కని ఆ పాదాలు చంటిబిడ్డ పాదాల్లా మెత్తగా ఉన్నాయి, పలకల మధ్య వెండితీగలు గీసుకుని నెత్తురు కారుతోంది. నేలమీద కూర్చుని ఉన్న పెంటయ్యను చూశాడు. ఖాళీ సింహాసనాన్ని చూశాడు. ఈటెలు ఎవరివైపు తిప్పాలో తెలియక నిలబడ్డ భటుల్ని చూశాడు. ఆ సింహాసనం ఎలాంటిదో అతనికి తెలియనిది కాదు. దాని రాయి గీకి బతికినవాడు. కాని ఇంకో క్షణం ఆగితే తాను నేరేడురంగు కాళ్ళున్న ఒక మామూలు మనిషి. అది భరించడం అతనివల్ల కాలేదు.

కింద పడున్న గరిటెను సింహాసనానికి ఆనించి, ఉట్టి ఎక్కేవాడిలా జారుతూ పాకుతూ ఎక్కాడు. కిరీటం తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అది అతనికి సరిగ్గా సరిపోయింది. భటులు అలవాటుకొద్దీ తలలు వంచారు.

కామసాని గుమ్మంలోంచి రమ్మని చెయ్యి ఊపింది. పనైపోయింది. అక్క బతికింది. తిప్పన పెంటయ్యను వీపున వేసుకుని వెనుదిరిగాడు. ఆ మాంత్రికుడు అక్కడే కుళ్ళనీ అనుకున్నాడు. మూడడుగులు వేశాక తన అడుగుల చప్పుడు తనకే వినిపించింది. అచ్చం తండ్రి నడకే అది.

ఆగాడు. వెనక్కి వచ్చాడు. ముసలివాణ్ణి వీపుమీద అలాగే ఉంచి, కడియమున్న ఎడమచెయ్యి పైకి చాచాడు.

"నీకు మీ అమ్మ పెట్టిన పేరేమిటి?"

నీలజంఘుడు నవ్వాడు. నాకు తల్లి లేదన్నాడు. నవ్వుతూనే రెండు కాళ్ళూ నేలకు అందకుండా పైకి ముడుచుకున్నాడు. అతని వేళ్ళ సందుల్లోంచి సన్నటి పొగ మళ్ళీ మొదలైంది. తిప్పన ఇంకా ఒక్క ఊపిరిసేపు ఆ చెయ్యి చాచి ఉంచాడు. తరువాత పరుగెత్తాడు.

అతని మడమల వెనకే పొగపాములు పుట్టుకొచ్చాయి. వంటశాలలో కామసాని మరుగుతున్న గంజికాగును కాలితో తన్నింది. ఆవిరికీ పొగకూ తేడా తెలియని ఆ గుడ్డిపాములు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. నువ్వూ రా అవ్వా అని తిప్పన అరిచాడు. కొత్త రాజుకైనా అంబలి కావాలిగా, వంటశాల గరిటె నా దగ్గరుంటేనే మంచిదంది ఆమె. బాకు మాత్రం విసిరి ఇచ్చింది. నిమ్మకాయ వాసన వేస్తోంది.

గోడ దగ్గర కొలిమిగుట్టవాళ్ళు కాపలావాళ్ళను తోసుకుని ఏటివైపు పరుగెడుతున్నారు. మైలమ ఒక్కతే పరుగెత్తలేదు. తల పక్కకు వంచి, కోటలోంచి వస్తున్న మనిషినీ అతని వీపుమీది మనిషినీ చూస్తూ నిలబడింది. దగ్గరికి రాగానే తిప్పన గుర్తుపట్టావా అని అడగబోయాడు. ఆమె అతని చెంపమీద చెయ్యి వేసి, వెంటనే ఆ చేత్తోనే భుజంమీద తోసింది, ముందు ఏరు దాటుదామని. ఆ ముసలాయన ఎవరో చెప్పగానే ఆమె మొహం గట్టిపడింది. ఏటివైపు ముందు నడిచింది. రేవులో ఒక జాలరి పడవ దొరికింది. పడవలో కాలు పెట్టాక కూడా తిప్పన బరువు వదలకపోవడం చూసి అంది.

"ఇంక దించు తమ్ముడూ. ఆయాసపడుతున్నావు."

అని, తను ఏమన్నదో అప్పుడు తెలిసి, ఇటూ అటూ చూసింది. ఎవరూ చెవులు మూసుకోలేదు.

తిప్పన ముసలివాణ్ణి పడవ అడుగున కూర్చోబెట్టి తెడ్డు అందుకున్నాడు. నీళ్ళమధ్యకు వచ్చాక పెంటయ్య నోరు తెరిచాడు. నీలజంఘుడికి తల్లి లేదనడం అబద్ధమన్నాడు. నెలనెలా చౌడుదీవికి ఒక బెల్లపు బుట్ట వెళుతుంది, రాజముద్రతో. పళ్ళు లేని ముసలామె, మెత్తగా దంచి పంపండి అని వాడే స్వయంగా రాసేవాడు. మిగతావి చదవడం మానేశాక కూడా తను చివరిదాకా చదివి ముద్ర వేసిన తాటాకులు అవేనన్నాడు.

"ఆమె పేరు చెబుతుందంటావా?" అని మైలమ అడిగింది. ముసలివాడితో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"కొడుకును ఏమని పిలుస్తుందో వింటే చాలమ్మా. కాని వాడు తన నోటితో చెప్పాలి."

చౌడుదీవి ఏటికి దిగువన, ఏడు వంపుల అవతల ఉంది. తిప్పన పడవను దిగువకు తిప్పాడు. మొదటి వంపు తిరుగుతుండగా కోటమీంచి నగారా మోగింది. కొత్త రాజు మొదటి ఆజ్ఞ నీళ్ళమీద తేలుతూ వచ్చింది: రాగికడియమున్న చేతిని నరికి తెచ్చినవాడికి దళపతి పదవి. రెండు ఒడ్లమీదా గుర్రాల చప్పుడు మొదలైంది. మైలమ తన కొంగు చించి కడియానికి చుట్టింది. తిప్పన తెడ్డు వెయ్యడం ఆపలేదు.

రెండో వంపు దగ్గర వాళ్ళ పడవకు అడ్డంగా ఒక ఇనపగొలుసు నీళ్ళలోంచి పైకి లేవడం మొదలుపెట్టింది. అదే సమయానికి నగారా రెండోసారి మోగింది. ఈసారి చదివేవాడి గొంతులో తొందర ఉంది. మొదటి ఆజ్ఞ రద్దు. ఆ చేతిమీద గోటిగీత కూడా పడకుండా, ఆ మనిషిని ప్రాణాలతో పట్టుకు రావాలి.

గొలుసు ఇంకా లేస్తోంది. తిప్పన బాకు పళ్ళమధ్య కరిచిపట్టుకుని నీళ్ళలోకి దూకబోతూ ముసలివాడి వంక చూశాడు. పెంటయ్య తన రాతివేలును ఏటినీళ్ళలో పెట్టి దానికి చల్లదనం తెలుస్తుందేమోనని చూసుకుంటున్నాడు.

"వాడు తెలివైనవాడు" అన్నాడు. "ఈ చెయ్యి లేనిదే దిగలేనని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది."